తేరు వెళ్ళిపోయాక వీధి ఎవరిది?

(తిరుపతిలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం. వక్త పాలిటెక్నిక్‌లో చాలా ఏళ్ళు సివిల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పి రిటైరైన అధ్యాపకురాలు. రికార్డు విని రాసుకున్న పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకు వినబడుతోందా? సరే.

ఇక్కడికి రావడానికి నాతోపాటు మా వదిన కూడా బయల్దేరింది. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. మా ఇంటి నుంచి ఈ హాలుకు నడిస్తే పది నిమిషాలు. మధ్యలో ఒక పెద్ద రోడ్డు దాటాలి. దాని అంచున ఇద్దరం చేతులు పట్టుకుని నిలబడ్డాం. బండ్లు ఆగవు. రెండుసార్లు అడుగు ముందుకు వేసి వెనక్కి తీసుకుంది. మూడోసారి ఒక కారు హారన్ కొడుతూ దగ్గరగా పోయేసరికి, "నువ్వు పో, నాకు కాళ్ళు వణకతా ఉండాయి" అని నా చెయ్యి వదిలేసి ఇంటికి తిరిగి వెళ్ళిపోయింది.

ఆమెకు నడక చేతకాక కాదండీ. రెండేళ్ళ కిందట కూడా శ్రీవారి మెట్టు దారిలో కొండెక్కింది. రెండు వేల మూడు వందలకు పైగా మెట్లు. అన్ని మెట్లు ఎక్కిన మనిషి ఊళ్ళో ఒక తారు రోడ్డు దాటలేకపోయింది. మీలో కూడా చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి పెద్దవాళ్ళు ఉంటారు. "ఈమధ్య బయటికి రావడం మానేశారు, వయసైపోయింది" అంటుంటాం. వయసు సంగతి తర్వాత. ముందు ఇంటి ముందు రోడ్డు ఎట్లా ఉందో చూడాలి.

ఈ విషయం మాట్లాడే ముందు నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. రోడ్డు డిజైన్ పాఠం నేను ఏళ్ళ తరబడి చెప్పాను. ఆ పాఠం ఎక్కడ మొదలవుతుందో తెలుసా? ఈ రోడ్డు మీద గంటకు ఎన్ని వాహనాలు పోతాయి అన్న ప్రశ్నతో. రకరకాల వాహనాలు ఉంటాయి కదా, అన్నింటినీ ఒకే కొలతలోకి మార్చాలి. ఆ కొలత పేరు ప్యాసింజర్ కార్ యూనిట్. మేము పీసీయూ అంటాం. మానిక ఏమిటంటే, కారు. కారుకు ఒకటి. దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, వాళ్ళు పట్టణ రోడ్లకు 1990లో ఇచ్చిన పట్టిక ప్రకారం సైకిలుకు అర లోపు లేదా అర. బస్సుకు రెండు పైన, రద్దీని బట్టి మూడున్నర దాటి కూడా. తోపుడు బండికి రెండు మొదలు మూడు.

ఈ పట్టికను నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. పిల్లలు బట్టీ పట్టేవాళ్ళు, పరీక్షలో రాసేవాళ్ళు, మార్కులు వేసేదాన్ని. ఒకసారైనా ఆగి ఆలోచించలేదు. యాభై మంది కూర్చున్న బస్సు దాని లెక్కలో దాదాపు మూడు కార్లు. మూడు కార్లలో ఎంతమంది ఉంటారు? నలుగురో, ఐదుగురో. జామకాయలు అమ్ముకునే తోపుడు బండి, నిండుగా మనుషులున్న బస్సు ఇంచుమించు ఒకే బరువు. ఎందుకంటే ఆ పట్టిక చూసేది లోపల ఎవరున్నారని కాదు, కారుకు ఎంత అడ్డం వస్తుంది అని. ఇక నడిచే మనిషికి ఆ పట్టికలో అంకే లేదు. సున్నా కూడా లేదు. ఆ వరసే లేదు.

పట్టిక తప్పని నేననను. వాహనాల రద్దీ కొలవడానికి అది పనికొస్తుంది. కానీ ఊరంతటికీ అదే కొలమానం అయిపోయింది. మనం దేన్ని కొలుస్తామో దాన్నే బాగు చేస్తాం. రోడ్డు వెడల్పు చేస్తారు, ఎందుకంటే కాగితం మీద అంకె పెరిగింది. మా వదిన వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది, అది ఏ కాగితం మీదా ఎక్కదు.

*

మన ఊరి సంగతికి వద్దాం. తిరుపతి మొదట కార్ల కోసం కట్టిన ఊరు కాదు. రామానుజులవారి కాలంలో, 12వ శతాబ్దంలో, గోవిందరాజస్వామి గుడి చుట్టూ పెరిగిన ఊరిది. గుడి, చుట్టూ నాలుగు మాడ వీధులు, వాటిలోంచి చీలిన సన్న వీధులు. అంగడి, సత్రం, ఇల్లు, బడి అన్నీ కాలినడక దూరంలోనే.

అయితే మాడ వీధి కూడా ఒక వాహనం కోసం వేసిన వీధే. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. తేరు తిరగడానికి వేసిన వీధి అది. ఆ వెడల్పు తేరుకూ, దాని రెండు పక్కల మోకులు పట్టుకుని లాగే జనానికీ సరిపోవాలి. మలుపు దగ్గర అంత బరువు తిరగాలి. అది కూడా ఇంజినీరింగే.

కానీ తేడా చూడండి. బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు తేరు కదులుతుంది. ఆ ఒక్క పూట వీధి తేరుది. పూలబండ్లు పక్కకు జరుగుతాయి, అరుగుల మీద జనం సర్దుకుంటారు. సాయంత్రానికి తేరు నిలిచే చోటికి వెళ్ళిపోతుంది. మిగతా ఏడాదంతా ఆ వీధి మనుషులది. పిల్లలు ఆడుకునేవాళ్ళు, ముగ్గులు పడేవి, అప్పడాలు ఎండేవి. సాక్షాత్తు స్వామి తేరుకు కూడా వీధిని శాశ్వతంగా రాసివ్వలేదు మన పెద్దలు.

ఇప్పుడు అదే చుట్టుపక్కల వీధుల్లో పొద్దున పదింటికి వెళ్ళి చూడండి. నాలుగుకాళ్ళ మండపం నుంచి గాంధీ రోడ్డు మీదుగా ఒకసారి నడిచి రండి. రెండు పక్కలా బైకులు, కార్లు నిలిపి ఉంటాయి. మధ్యలో మిగిలిన సందులో నడిచేవాళ్ళూ ఆటోలూ. ఒక కారు నిలపడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కావాలి. అంటే నూట ముప్పై చదరపు అడుగుల పైమాట. ఊరి నడిబొడ్డున అంత జాగా ఒక పూలమ్మాయికి ఇస్తామా? ఆమె ఒక బుట్ట పెట్టుకుంటేనే ఆక్రమణ అంటాం. రోజుకు ఒక గంట నడిచే కారు మిగతా ఇరవై మూడు గంటలు ఎక్కడో ఒకచోట నిలబడి ఉండాల్సిందే. ఆ నిలబడే చోటును మాత్రం ఎవరూ ఆక్రమణ అనరు.

*

నేను పోయినసారి అమెరికా వెళ్ళాను. టెక్సాస్‌లో మా అమ్మాయి వాళ్ళ దగ్గర ఐదు నెలలు ఉన్నాను. ఈ హాల్లో సగం మంది వెళ్ళి వచ్చినవాళ్ళే, నేను చెప్పేది మీకు తెలిసిందే. ఇల్లు చాలా బాగుంది. పచ్చగడ్డి, శుభ్రమైన రోడ్డు. కిటికీలోంచి చూస్తే దూరంగా ఇండియన్ స్టోర్ బోర్డు కనబడుతుంది. కరివేపాకు అయిపోయింది, నడిచి వెళ్ళి తెస్తానన్నాను. "అమ్మా, నడవడానికి దారి లేదే" అంది.

నేను నమ్మలేదు. మర్నాడు వాళ్ళు ఆఫీసుకు వెళ్ళాక బయల్దేరాను. వాళ్ళ కాలనీ గేటు దాకా ఫుట్‌పాత్ ఉంది. గేటు దాటగానే ఆగిపోయింది. అవతల ఆరు లేన్ల రోడ్డు. సిగ్నల్ ఎటు చూసినా కనుచూపు మేరలో లేదు. గడ్డిలో కొంతదూరం నడిచాను, చెప్పులకు బురద అంటుకుంది. పోతున్న కారొకటి వేగం తగ్గించి, అద్దం దించి ఒకామె నన్ను ఏమైనా సహాయం కావాలా అని అడిగింది. మంచి మనిషి. అక్కడ రోడ్డు పక్కన నడుస్తున్న ఆడమనిషి కనబడితే ఏదో కష్టంలో ఉందని అర్థం. వెనక్కి వచ్చేశాను. శనివారం దాకా ఆగి, అల్లుడుగారు కారు తీస్తే వెళ్ళి కరివేపాకు తెచ్చుకున్నాం.

ఆ ఐదు నెలలూ నేను ఎక్కడికి వెళ్ళాలన్నా ఒకరిని అడగాల్సి వచ్చింది. ఇక్కడ నా ఇష్టం వచ్చినట్టు తిరిగినదాన్ని. పిల్లలు ప్రేమగానే చూసుకున్నారు, కానీ చిన్నపిల్లనైపోయినట్టు ఉండేది. చాలామంది తల్లిదండ్రులు తిరిగొచ్చి "అక్కడ జైల్లో ఉన్నట్టుందయ్యా" అంటారు. ఆ జైలు గోడలు ఎవరు కట్టారో అర్థం చేసుకోవాలి. ఇళ్ళు ఒకచోట, అంగళ్ళు ఇంకోచోట ఉండాలని అక్కడి చట్టాలు చెప్పాయి. ప్రతి అంగడి ముందూ ఇన్ని కార్లకు చోటు వదలాలని ఇంకో రూలు. చోటు వదిలేకొద్దీ ఒక అంగడికీ ఇంకో అంగడికీ దూరం పెరుగుతుంది. దూరం పెరిగేకొద్దీ నడక చచ్చిపోతుంది. నడక పోతే బస్సు కూడా పోతుంది, ఎందుకంటే బస్సు ఎక్కాలంటే ముందు స్టాపు దాకా నడవాలి. అప్పుడు కారు కొనడం అనేది ఇష్టాయిష్టాల సంగతి కాదు, బియ్యం కొన్నట్టే.

అదే టెక్సాస్‌లో, హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అని ఒక రోడ్డు ఉంది. రద్దీ ఎక్కువైందని వెడల్పు చేశారు. 2008లో పని పూర్తయింది. పక్క రోడ్లు కూడా కలుపుకుంటే కొన్ని చోట్ల ఇరవై ఆరు లేన్లు. మన మాడ వీధులు నాలుగూ పక్కపక్కన పరిచినా అంత వెడల్పు రాదేమో. కొన్నేళ్ళు గడిచాయో లేదో సాయంత్రం పూట ప్రయాణానికి పట్టే సమయం మళ్ళీ పెరిగింది. ఎందుకు? రోడ్డు ఖాళీగా కనబడితే ఇంతకుముందు బయల్దేరనివాళ్ళు బయల్దేరతారు. ఇంకా దూరంగా ఇల్లు కట్టుకుంటారు. పెద్ద రోడ్ల సంగతిలో ఇలా జరుగుతుందని అమెరికాలో ఆంథొనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1962లోనే చెప్పాడు. బావి తవ్వితే ఊట ఊరినట్టు, రోడ్డు వేస్తే బండ్లు ఊరతాయి.

*

మన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ గురించి అడుగుతారని నాకు తెలుసు. 2023లో పూర్తిగా తెరిచారు. ఏడు కిలోమీటర్ల పొడవు. కపిలతీర్థం వైపు నుంచి ఊరి మీదుగా అటు తిరుచానూరు వైపు. కొండకు వచ్చే యాత్రికుల బండ్లు ఊళ్ళో ఇరుక్కోకుండా పోతున్నాయి. లీలామహల్ సర్కిల్‌లో గంటలు గంటలు నిలబడ్డవాళ్ళకు ఆ తేడా తెలుసు. మేలు జరగలేదని నేను చెప్పను.

నా బాధ కింద ఉన్న మనిషి గురించి. వంతెన మీద స్టాపు ఉండదు, నడిచే దారి ఉండదు. స్తంభాల మధ్య నుంచి రోడ్డు దాటేవాడికి అటు నుంచి వచ్చే బండి చివరిదాకా కనబడదు. అన్ని వందల కోట్లు పెట్టిన చోట, కింద నడిచేవాళ్ళకు నీడా, ఎత్తు తక్కువున్న ఫుట్‌పాతూ, దాటడానికి గీతలూ, సిగ్నలూ పెట్టడం పెద్ద ఖర్చా? పైన పోయేవాడిది ఎంత ప్రయాణమో, కింద దాటేవాడిదీ అంతే ప్రయాణం.

(సభలో ఒకరు లేచి ఏదో అడిగారు.)

ఏం నాయనా? గట్టిగా చెప్పు. కార్లు వద్దంటారా అని అడుగుతున్నాడు. మంచి ప్రశ్నే. లేదు. మా ఇంట్లో కారు ఉంది. మా ఆయనకు డయాలసిస్ చేయించిన రెండేళ్ళూ ఆ కారే మాకు దిక్కు. అర్ధరాత్రి ఆసుపత్రికి ఆటో దొరకదు. కారు మంచి పనిముట్టు. నేను అడిగేది ఒకటే. కారు లేనివాడు కూడా ఈ ఊళ్ళో నిబ్బరంగా బతకగలగాలి. వాళ్ళు ఎంతమందో తెలుసా? 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో కారు ఉన్న కుటుంబాలు నూటికి ఎనిమిది లోపే. ఆ ఎనిమిదింటిలో కూడా కారు తాళం ఒకరి జేబులో ఉంటుంది. ఇంట్లో మిగతావాళ్ళు నడిచేవాళ్ళే.

ఇంకో అంకె చెప్తాను, ఇది చెప్పడానికి మనసు రాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. కేంద్రం లెక్క. అందులో నడిచి పోతున్నవాళ్ళే ముప్పై రెండు వేలకు పైగా. రోజుకు దాదాపు తొంభై మంది. అంగడికి పోతూ, బడికి పోతూ, బస్సు దిగి ఇంటికి పోతూ. పేపర్లో "రోడ్డు దాటుతుండగా" అని ఒక వాక్యం వస్తుంది, తప్పు వాళ్ళదే అన్నట్టు.

హాలెండ్ పేరు చెప్తే "అది డబ్బున్న దేశం, సైకిళ్ళ దేశం" అంటారు. అదీ మొదటి నుంచి అట్లా లేదు. 1950, 60ల్లో వాళ్ళూ కార్ల కోసం వీధులు పడగొట్టారు. 1971లో ఆ చిన్న దేశంలో మూడు వేల మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లులు, తండ్రులు వీధుల్లో కూర్చున్నారు. పిల్లల్ని చంపడం ఆపండి అని వాళ్ళ ఉద్యమం పేరు. అక్కడి నుంచి మారింది.

అంత దూరం ఎందుకు, మద్రాసుకు పట్టుచీరలకు పోతాం కదా. టీ నగర్ పాండీ బజారు ఒకప్పుడు ఎట్లా ఉండేది? 2019లో రోడ్డు తగ్గించి రెండు పక్కలా వెడల్పుగా నడిచే దారి వేశారు. బెంచీలు వేశారు. ఈసారి వెళ్ళినప్పుడు అంగట్లోకి దూరకుండా బయట బెంచీ మీద పావుగంట కూర్చుని చూడండి, ఎవరెవరు నడుస్తున్నారో.

*

మనకు చేతకాదని మాత్రం అనకండి. ఈ మాట తిరుపతిలో అసలు అనకూడదు. కొండ మీద మాడ వీధుల్లో బండ్లు తిరగవు, ఏ మంత్రి వచ్చినా చెప్పులు విడిచి నడుస్తాడు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ వస్తుంది. ఒక్క రోజుకు లక్షల మంది. ఆ రోజు ఘాట్ రోడ్డులో బైకులు నిలిపేస్తారు. బండ్లు కింద పార్కింగుల్లో పెట్టించి జనాన్ని ఆర్టీసీ బస్సుల్లో ఎక్కిస్తారు. బస్సు వెనక బస్సు. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డులో దిగుతారు, 1974లో వేసిన కొత్తదాంట్లో ఎక్కుతారు. రోడ్డు అంగుళం పెరగదు, మనుషులు మాత్రం చేరతారు. ఆ రోజు అధికారుల దగ్గర ఉండే లెక్క ఎన్ని బండ్లు అని కాదు, ఎంతమంది భక్తులు అని. ఆ లెక్క మనకు వచ్చు. కొండ దిగేసరికి మర్చిపోతున్నాం.

ఆడవాళ్ళకు ఉచిత బస్సు 2025 ఆగస్టు 15 నుంచి వచ్చింది. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి నెలకు ఎంతో కొంత మిగులుతోంది. కానీ ఆమె ఉండే వైపు బస్సు రోజుకు ఎన్ని ట్రిప్పులు? రెండు. మిగతా వేళల్లో షేర్ ఆటోనే. ఉచితంగా ఇచ్చే బస్సు వీధి చివరకు రావాలి కదా.

ఊరి చుట్టూ కొత్త వెంచర్లు చూస్తున్నారా? కరకంబాడి రోడ్డు, రేణిగుంట రోడ్డు, చంద్రగిరి వైపు. నలభై అడుగుల రోడ్లు, ఆర్చి, రంగుల గేటు. మా బంధువు ఒకాయన అక్కడ స్థలం తీసుకుని ఇల్లు కట్టాడు. పాల ప్యాకెట్టుకు మూడు కిలోమీటర్లు. బడికి ఎనిమిది. కొడుకు తొమ్మిదో తరగతి, స్కూటీ నడుపుతున్నాడు. లైసెన్సు లేదు, వయసే లేదు. "ఏం చేయమంటావక్కా, దింపడానికి నాకు కుదరదు, బస్సు లేదు" అన్నాడు. తండ్రిని తిట్టడం తేలిక. టెక్సాస్‌లో నేను చూసిన గేటు, ఆ వెంచర్ గేటు నాకు ఒకటిగానే కనబడ్డాయి. మనం ఇంకా పూర్తిగా అటు పోలేదు, అందుకే ఇప్పుడు మాట్లాడుతున్నాను.

మొన్న ఒక పని చేశాను. టేపు పట్టుకుని మా ఇంటి ముందు రోడ్డు ఫుట్‌పాత్ మీద మూడు వందల మీటర్లు నడిచాను. మా పక్కింటి పాప, ఇంటర్ చదువుతోంది, తను రాసుకుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రూలు ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. ఇది 2012 నాటి రూలే. మా దగ్గర మొదట్లో ఎత్తు 34 సెంటీమీటర్లు. నా మోకాలికి కాస్త కింద. నేను గోడ పట్టుకుని ఎక్కాను. పన్నెండు అడుగులు వేశాక ట్రాన్స్‌ఫార్మర్, దిగాను. మళ్ళీ ఎక్కాను. ఒక అంగడి వాళ్ళు బండి ఎక్కించుకోవడానికి సిమెంటు ర్యాంపు పోశారు, అక్కడ ఏటవాలు. తర్వాత ఒక పలక లేచిపోయి కింద కాలువ కనబడుతోంది. ఆ మూడు వందల మీటర్లలో పదకొండు సార్లు దిగి ఎక్కాను. పాప మొదట నవ్వింది, ఐదోసారికి నవ్వడం మానేసింది. "అమ్మమ్మగారూ, అందుకే అందరూ రోడ్డు మీద నడుస్తారా" అంది. నా పీసీయూ పాఠం కంటే మంచి పాఠం అది.

2025 మేలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు జీవించే హక్కులో భాగమని చెప్పింది, రాష్ట్రాలన్నీ మార్గదర్శకాలు తయారు చేయాలంది. ఆ కాగితం మన చేతిలో ఉంది. దాంతోపాటు మన ఊరి కొలతలు కూడా చేతిలో ఉంటే, ఎవరి దగ్గరికైనా వెళ్ళి కూర్చుని మాట్లాడొచ్చు. ఊరికే అర్జీ ఇస్తే చూస్తాం అంటారు. ఫలానా చోట, ఫలానా అంగడి ముందు, 34 సెంటీమీటర్లు అని రాసిస్తే జవాబు చెప్పక తప్పదు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడగడానికి వచ్చాను. వచ్చే సోమవారం పొద్దున ఎనిమిదింటి నుంచి తొమ్మిదింటి దాకా, మా వదిన వెనక్కి తిరిగిన ఆ చోట నిలబడి లెక్క పెడదాం. బండ్లు కాదు, మనుషులు. కారు వస్తే లోపల ఎంతమంది, బస్సు వస్తే ఎంతమంది, బైకు మీద ఎంతమంది, నడిచేవాళ్ళు ఎంతమంది. రోడ్డు దాటడానికి ఒక్కొక్కరు ఎన్ని నిమిషాలు నిలబడ్డారు. దాటలేక తిరిగి వెళ్ళినవాళ్ళుంటే వాళ్ళకు వేరే గడి గీశాను. ఎనిమిది మంది కావాలి, నాలుగు మూలలా ఇద్దరిద్దరు. కాగితాలు, అట్టలు నా దగ్గర ఉన్నాయి. పెన్ను మాత్రం తెచ్చుకోండి. వచ్చేవాళ్ళు వెళ్ళేటప్పుడు ఆ బల్ల మీదున్న నోటుబుక్కులో పేరు రాసి వెళ్ళండి. మా వదిన కూడా వస్తానంది. ఆమె మన ఇంటి వైపు మూలలోనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.